రెయిలింగ్ ఆగిన చోట: ఒక సంత రోడ్డు కేస్ స్టడీ

రోడ్డు భద్రత నా వృత్తి. మాది శ్రీకాకుళం జిల్లా కావడంతో, ఒడిశా సరిహద్దు పట్టణాల్లో పని పడితే మా ఆఫీసువాళ్లు "నీకు అక్కడి భాష వచ్చు కదా" అని నన్నే తోలేస్తారు. వాళ్ల ఉద్దేశంలో అక్కడి భాష ఒడియా. నాకు వచ్చింది తెలుగు. రాయగడ, గజపతి, గంజాం జిల్లాల బజార్లలో ఆ ఒక్కదానితో నెగ్గుకురావచ్చన్న సంగతి వాళ్లకి నేనెప్పుడూ చెప్పలేదు.

జనం రోడ్డు దాటే తంటా గురించిన ఈ కేసు ఆ మూడు జిల్లాల్లో ఒకదానిలోది. పట్టణం పేరు, సంవత్సరం రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ మంచికే చేశారు, అడ్డం తిరిగింది. మొదటి డ్రాయింగు మీద సంతకం నాది.

నేపథ్యం

ఊరి మధ్యనుంచి పోయే పెద్ద రోడ్డు. వెడల్పు చేసినప్పుడు అటు రెండు లేన్లు, ఇటు రెండు లేన్లు, నడుమ అర మీటరు డివైడరు వచ్చాయి. తూర్పున బస్టాండు, సంత మైదానం. పడమర పెద్దాసుపత్రి, ఆడపిల్లల హైస్కూలు, బ్యాంకు. ఊళ్లో పనున్న ఎవరైనా రోజుకి కనీసం రెండుసార్లు ఆ రోడ్డు దాటాల్సిందే. సంత రోజున కొండల మీంచి సవర, కువి మాట్లాడేవాళ్లు కావిళ్లతో దిగుతారు. దిగువ పల్లెల నుంచి మనవాళ్లు గంపలతో వస్తారు. వీళ్లందరి మధ్యనుంచే లారీలు, బస్సులు, ఆటోలు, టోటోలు. బ్యాటరీ రిక్షాని అక్కడ టోటో అంటారు.

సమస్య

ఒక చలికాలంలో నెల తిరక్కుండా ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ ఆసుపత్రి గేటు ఎదురుగానే. వాళ్లలో ఒకామె లోపలున్న మనిషికి అన్నం కేరేజీ పట్టుకెళ్తోంది. జనం శవాన్ని రోడ్డు మీద పెట్టుకుని కూచున్నారు. పైవాళ్లు వచ్చి మాటిచ్చి లేపారు. ఆ సాయంత్రమే మాకు ఫోను. "వెంటనే ఏదో ఒకటి కనబడాలి" అన్నారు. ఆ వాక్యంలో అసలు మాట "కనబడాలి" అన్నదేనని నాకు అప్పుడు తట్టలేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లు. ఇలాంటి లెక్కలు పోలీసు స్టేషన్ల నుంచి వస్తాయి. చావు వాటిలోకి ఎక్కుతుంది. కాలు విరిగి, టోటో వాడితో రాజీ పడి, కట్టు కట్టించుకుని ఇంటికి పోయినవాడు ఎక్కడు. ఈ తేడా ఎంత పెద్దదో తర్వాత తెలిసింది.

మొదటి ప్రయత్నం: రెయిలింగ్, పైవంతెన

నా ఆలోచన ఇలా సాగింది. జనం ఎక్కడపడితే అక్కడ దాటుతున్నారు. డ్రైవరుకి ఎవరు ఎక్కణ్ణుంచి వస్తారో తెలియడం లేదు. అందరినీ ఒక చోటికి చేర్చి దాటిస్తే సరిపోతుంది. కాబట్టి డివైడరు మీదా, రెండు ఫుట్‌పాత్‌ల అంచునా ఇనుప రెయిలింగ్, ఆసుపత్రి గేటుకి అటూ ఇటూ కలిపి దాదాపు రెండొందల మీటర్లు. నడుమ మెట్ల పైవంతెన.

వంతెన విషయంలో నా మనసు ఒప్పుకోలేదు. నడిచేవాళ్ల సౌకర్యాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మార్గదర్శకాలు, ఐఆర్‌సీ:103, నేల మీదే దాటించడం వైపు మొగ్గుతాయి. ఆ మాట నివేదికలో ఒక వాక్యంగా రాసి ఊరుకున్నాను. వంతెనకి నిధులున్నాయి, రిబ్బను కత్తిరించడానికి వీలుంది. పెయింటుకీ మట్టిదిమ్మకీ ఆ రెండూ ఉండవు. గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది. పడలేదు.

లెక్క చూడండి. వంతెన కింద 5.5 మీటర్ల ఖాళీ ఉండాలి. దూలం మందం కలిపితే నడిచే తలం ఆరు మీటర్ల ఎత్తుకి పోతుంది. పదిహేను సెంటీమీటర్ల మెట్టు వేస్తే ఎక్కడానికి నలభై మెట్లు, దిగడానికి నలభై. కింద రోడ్డు మొత్తం వెడల్పు పదిహేను మీటర్లు కూడా లేదు. ఎనభై మెట్లా, పదిహేను మీటర్లా అంటే మీరైనా నేనైనా ఏం చేస్తాం? కావిడి మోసేవాడికైతే అది బద్ధకం సంగతి కూడా కాదు. బద్ద ముందుకీ వెనక్కీ చాచుకుని ఉంటుంది, మెట్లు మలుపు తిరిగే చోట అది తిరగదు. డ్రాయింగులో ఆ మలుపు గీసింది నేనే. కావిడి అన్న వస్తువు ఒకటుందని నా కంప్యూటరుకి తెలీదు, నాకు తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు.

వంతెన ఖాళీగా ఉండటం చూసి, బోర్డు ఒడియాలోనూ ఇంగ్లిషులోనూ ఉంది గనక జనానికి అర్థం కావట్లేదేమో అన్నారు ఒక అధికారి. తెలుగులో కూడా పెట్టించారు. మన అక్షరాలు అక్కడ చూసుకుని లోపల్లోపల సంతోషించాను. ఆ బోర్డు కిందే నిలబడి, గంప దించుకుని, రెయిలింగ్ సందులోంచి గంప ముందు తోసి తర్వాత తాను దూరిన ఒకామెని అడిగాను, చదివావా అమ్మా అని. "సదవడం రాక కాదు బాబూ, మోకాళ్లు రాక" అంది.

ఏం చెడింది

ఆర్నెల్ల తర్వాత సమీక్షలో, ఆసుపత్రి గేటు ఎదురుగా ఒక్క కేసూ నమోదు కాలేదన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ మధ్యాహ్నం టీ తాగడానికి ఆసుపత్రి వైపు వెళ్తే, డ్రెస్సింగ్ గదిలో పనిచేసే నర్సు ఒకరు పలకరించారు. ఇచ్ఛాపురం వైపు మనిషి. "సార్, గేటు కాడ తగ్గింది గానీ, మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గలేదండి. ఇప్పుడు పెట్రోలు బంకు కాడ పడుతున్నారు" అన్నారు. ఎవరు, ఎక్కడ దెబ్బ తగిలించుకుని వచ్చారో వాళ్ల రిజిస్టరులో ఒక గడిలో రాసి ఉంటుంది. పెద్ద డాక్టరు అనుమతితో, పేర్లు వదిలేసి, ఆ చోట్లు మాత్రం మ్యాపు మీద చుక్కలుగా పెట్టుకున్నాను. గేటు దగ్గర చుక్కల్లేవు. రెయిలింగ్ రెండు చివర్లా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

ఎందుకో అక్కడ నిలబడి చూస్తే తెలిసింది. రెయిలింగ్ ఉన్నంత మేరా రోడ్డు హైవేలా కనబడుతోంది, బండివాళ్లు వేగం అందుకుంటున్నారు. అది ఆగిన చోట, అందుకున్న వేగం మీద ఉండగా, జనం ఎదురుపడుతున్నారు. బంకు వైపైతే మలుపు కూడాను. చివరిదాకా నడిచే ఓపిక లేనివాళ్లు సగంలోనే రోడ్డు మీదికి దిగి రెయిలింగ్ బయటివైపు నడుస్తున్నారు. బస్సు దగ్గరికొస్తే వాళ్లకి తప్పుకోడానికి చోటు లేదు.

ఇంకోటి. నిలువు కడ్డీల రెయిలింగ్‌ని ఎదురుగా నిలబడి చూస్తే అవతల అంతా కనబడుతుంది. బండి మీద వస్తూ ఏటవాలుగా చూస్తే కడ్డీ వెనక కడ్డీ చేరి గోడైపోతుంది. దాని వెనక బడిపిల్ల ఉంటే ఉన్నట్టే తెలీదు. ఎవరో రెండు కడ్డీలు వంచి దారి చేశారు. మునిసిపాలిటీ వెల్డింగ్ చేయించింది. మళ్లీ వంచారు. మళ్లీ వెల్డింగ్. వెల్డరుకి మాత్రం ఏడాది పొడుగునా పని దొరికింది.

కూరగాయలమ్మే ఆడవాళ్ల సంగతి సరేసరి. రెయిలింగ్ కోసం వాళ్లని ఫుట్‌పాత్ మీంచి లేపేశారు. కొనేవాళ్లు రోడ్డు వైపునుంచి వచ్చి బేరమాడుతున్నారు గనక వాళ్లు రోడ్డంచుకి దిగి కూచున్నారు. నడిచేవాళ్ల భద్రత కోసం ఖాళీ చేయించిన ఫుట్‌పాత్ మీద బైకులు పెట్టారు.

రెండో ప్రయత్నం: పెయింటు, స్పీడ్ బ్రేకర్లు, సిగ్నల్

రెయిలింగ్ చివర్లలో జీబ్రా గీతలు వేద్దాం, ముందు స్పీడ్ బ్రేకర్లు పోద్దాం అన్నారు. గీతలంటే నాకు భయం పుట్టించిన పాత పరిశోధనలు రెండున్నాయి. 1972లో అమెరికాలో శాన్ డియాగో నగరంలో బ్రూస్ హెర్మ్స్ అనే ఆయన సిగ్నల్ లేని నాలుగొందల కూడళ్లు పరిశీలిస్తే, దాటేవాళ్ల సంఖ్యతో పోల్చి చూసినా గీతలున్న వైపే ప్రమాదాలు దాదాపు రెట్టింపు తేలాయి. 2005లో అక్కడి ఫెడరల్ హైవే శాఖ కోసం జెగీర్ బృందం వేల చోట్లు చూసి దాన్ని విడమరిచి చెప్పింది: రెండు లేన్ల రోడ్డు మీద గీతలున్నా లేకపోయినా తేడా లేదు, ఎక్కువ లేన్లుండి రోజుకి పన్నెండు వేలకి మించి బండ్లు తిరిగే చోట ఉత్త గీతలు మేలు కన్నా కీడే చేశాయి.

కారణం మన రోడ్డు మీద కళ్లారా చూశాను. గీతల దగ్గర అంచు లేన్లో బస్సు మర్యాదగా ఆగింది. ముసలాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టి దాటుతున్నాడు. బస్సు ఎందుకు ఆగిందో తెలియని బైకు పక్క లేన్లోంచి దూసుకొచ్చింది. బస్సు ముందున్న మనిషి బైకువాడికి కనబడడు, బైకు ఆయనకి కనబడదు. ఆ రోజు చొక్కా చిరగడంతో పోయింది. ఆ బస్సు డ్రైవరు ఆగకుండా ఉంటే ముసలాయన గట్టు మీదే నిలబడి ఉండేవాడు. ఇది నేను చాలా రోజులు మింగలేకపోయాను.

స్పీడ్ బ్రేకర్ సంగతి మీకు కొత్త కాదు. వాటి మీద 1988 నాటి ఐఆర్‌సీ:99 చెప్పిన గుండ్రటి దిమ్మ 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి నొప్పి ఉండదు, అంతకు మించితే ఉంటుంది. మాకు దొరికింది మిగిలిన తారుతో పోసిన మూరెడు వెడల్పు గుట్ట. దాని మీద లారీ కూడా దాదాపు ఆగిపోవాలి. అంబులెన్సులో నడుం విరిగిన మనిషి అరుపులు గేటు దాకా వినబడ్డాయి. పైగా నీళ్లు పోవడానికని కాలువ అంచున ఒక బారెడు వదిలారు. బైకులు, టోటోలు అన్నీ ఆ సందులోంచే. నడిచేవాళ్లు నడిచేదీ ఆ అంచునే. ఒక రాత్రి చుట్టుపక్కలవాళ్లే గునపాలతో ఆ గుట్టని తవ్వేశారు. నేను ఫిర్యాదు రాయలేదు.

సిగ్నల్ గురించి రెండు ముక్కలు చాలు. బటన్ నొక్కితే జనానికి పచ్చబొమ్మ వెలిగి, సెకన్లు లెక్కపెట్టే సిగ్నల్ పెట్టారు. ఆ అంకెలు దాటేవాళ్ల కోసం. చూసింది మాత్రం బైకులవాళ్లు, మూడు అంకె పడగానే రేజ్ చేశారు. కెనడాలో టొరంటో నగరం మీద కపూర్, మెగేశన్ అనే ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే. అలాంటి అంకెలు పెట్టిన కూడళ్లలో మొత్తం మీద ప్రమాదాలు కొంచెం పెరిగాయి, అంకెలు డ్రైవర్లకీ కనబడటమే కారణమని తేల్చారు. మా సిగ్నల్‌ని చివరికి కరెంటు కోతలే పరిష్కరించాయి.

మళ్లీ మొదటికి

ఇక్కడికి పనిలో ఏడాది పైన గడిచింది. ఈసారి ఏమీ గీయకుండా మూడు సంత రోజులు టీ కొట్టు మేడ మీద కూచున్నాను. కింద ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి దాటుతున్నారో కాగితం మీద పెన్సిలు గీతలుగా వేసుకుంటూ పోయాను. గీతలన్నీ ఒక చోట ముడిపడ్డాయి. ఆ ముడి కూడలి దగ్గర లేదు, వంతెన దగ్గర లేదు, గేటు దగ్గర కూడా సరిగ్గా లేదు. బస్సు వెనక తలుపు దగ్గరుంది.

బస్సులు స్టాండులోకి తిరగడానికి టైము పడుతుందని, బయటే రావిచెట్టు కింద ఆపి జనాన్ని దించేస్తున్నారు. దిగినవాళ్లు బస్సు ముందునుంచి చుట్టి రోడ్డు దాటుతున్నారు. ఇద్దరు చనిపోయిందీ అలాగే. ఎక్కడ దాటాలో జనం నిర్ణయించుకుంటున్నారని అంతకాలం అనుకున్నాను. నిర్ణయిస్తున్నది కండక్టరు. రెండొందల మీటర్ల రెయిలింగ్ వేసేముందు ఒక్క కండక్టరుతోనూ మాట్లాడలేదు మేం. ఎందుకిక్కడే ఆపుతావని ఒకతన్ని అడిగితే, "ఆటోలు ఇక్కడున్నాయి కదా భాయి, ఇంకెక్కడ ఆపను?" అని నన్నే అడిగాడు.

పనికొచ్చింది

జనం దాటుతున్న చోటనే దాటనిద్దాం, ఆ చోటుని బాగుచేద్దాం అన్నాను. దానికి రెయిలింగ్ కోయాలి. మీటింగులో అందరూ నా వైపు చూశారు. "తీసేశాక రేపు ఎవరైనా చస్తే సంతకం ఎవరిది?" న్యాయమైన ప్రశ్నే. అడ్డుకట్ట ఉండగా జరిగిన చావు జనం తప్పు అవుతుంది, తీశాక జరిగిన చావు తీసినవాడి తప్పు అవుతుంది. అందుకే పర్మినెంటుగా ఏదీ కట్టొద్దు, ఇసుక బస్తాలు, ఖాళీ తారు డ్రమ్ములు, సున్నం గీతలతో ముందు చేసి చూద్దాం, చెడితే ఒక పూటలో తీసేద్దాం అన్నాను. ఒప్పుకున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నేనాడిన మాటల్లో పని జరిపించింది బహుశా ఇదొక్కటే.

అసలు ఉపాయం లేన్లు తగ్గించడం. దాటే చోట ఓ ఇరవై మీటర్ల పొడవున ప్రతి వైపూ రెండు లేన్లని ఒకటి చేశాం. ఏడు మీటర్లలో 0.75 డివైడరు వైపు, 2.25 అంచు వైపు తీసుకుంటే బండ్లకి నాలుగు మీటర్లు మిగిలింది. డివైడరు రెండు మీటర్లయింది, గంపతో, పిల్లతో నిలబడి ఊపిరి తీసుకోవచ్చు. ఒకటే లేను గనక ఆగిన బస్సు పక్కనుంచి బైకు దూసుకొచ్చే దారే లేదు. ట్రాఫిక్ జామ్ అవుతుందని గోల చేశారు. మేడ మీంచి తీసిన ఫోటోలు చూపించాను. ఆ రెండు లేన్లలో అంచుది ఎప్పుడూ ఆటోల పార్కింగే. లేని లేనుని తీసేస్తే పోయేదేముంది?

లెక్కలో ఎంత తేడా వస్తుందో చెప్తాను. ఇంజనీర్లు నడకని సెకనుకి 1.2 మీటర్లని వేసుకుంటారు. గంప మోసే ముసలామె 0.8 నడిస్తే గొప్ప. ఏడు మీటర్లు దాటడానికి ఆమెకి తొమ్మిది సెకన్లు. నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి అంతలో వంద మీటర్లు వస్తుంది. అంటే అవతల వంద మీటర్లు ఖాళీగా ఉంటేనే ఆమె అడుగు వెయ్యాలి. ఆ రోడ్డు మీద పగలు అంత ఖాళీ దొరకదు. నాలుగు మీటర్లయితే అయిదు సెకన్లు. బండి వేగం పాతికకి దిగితే ముప్పై అయిదు మీటర్ల ఖాళీ చాలు. అది నిమిషానికోసారి దొరుకుతుంది. డ్రమ్ములు పెట్టిన మొదటి వారంలోనే జనం పరుగు మానేశారు. మేడ మీంచి మొట్టమొదట కనబడింది అదే: పరుగెత్తడం లేదు.

వేగం పాతికకి దింపడానికి, డ్రమ్ముల తర్వాత, దాటే పట్టీ మొత్తాన్ని పది సెంటీమీటర్లు లేపి ఫుట్‌పాత్‌తో సమం చేశాం. ఈసారి రెండువైపులా వాలు సరిగ్గా కొలిచి, అంచుల దాకా పోశాం, సందు వదల్లేదు. మొదటి వానకే నీళ్లు నిలిచి చెరువైంది. కింద పైపు వెయ్యడం మర్చిపోయాం, తవ్వి వేశాం.

ఆటో స్టాండుని ముప్పై మీటర్లు ముందుకి, పట్టీ దాటాక ఉండేట్టు జరిపాం. దాంతోపాటే బస్సులూ జరిగాయి, ఎవరికీ ఏమీ చెప్పకుండానే. ఇప్పుడు దిగినవాళ్లు బస్సు వెనకనుంచి దాటుతారు. బస్సు వెళ్లిపోతుంది, చూపుకి అడ్డు ఉండదు.

అంచున వచ్చిన రెండుంపావు మీటర్ల అరుగు మీద కూరగాయల ఆడవాళ్లకి చోటిమ్మన్నాను. మొదట కుదరదన్నారు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, దాని కింద పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, ఆ కమిటీ చోటు గుర్తిస్తే ఇవ్వొచ్చు అని కాగితాలు చూపించాక కదిలింది. ఇందులో నాకు స్వార్థం ఉంది. వాళ్లు కూచుంటే అక్కడ బైకులు పెట్టరు. సాయంత్రం వాళ్ల దీపాలకి దాటేవాళ్లు కనబడతారు. పైగా ఎవడైనా స్పీడుగా వస్తే వాళ్లు తిట్టే తిట్లకి ఏ సిగ్నలూ సాటిరాదు.

ఇప్పుడు నేను చేసే పని

ఎక్కడ కొత్తగా ఏం పెట్టినా, పెట్టిన చోట ఏమైందన్నది కడపట చూస్తున్నాను. ముందు దానికి అటూ ఇటూ మూడేసి వందల మీటర్లు నడుస్తాను. ప్రమాదం తగ్గిందా, పక్కకి జరిగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. పోలీసు లెక్కతో పాటు ఆసుపత్రి కట్టుగది లెక్క అడుగుతాను, ఇవ్వనంటే నర్సులతో టీ తాగుతాను. వాడకం తక్కువగా ఉందని ఎవరైనా అంటే బోర్డు గురించి కాక మెట్లు ఎన్నని అడుగుతాను. బస్సు తలుపు ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఒక్క గీత కూడా గీయను.

ఇవన్నీ చేసినా రాత్రి లారీల సంగతి తేలలేదు. పదిన్నర దాటాక అరుగు ఖాళీ, దీపాలుండవు, లేను ఒకటే అయినా ముందు బండి లేనప్పుడు వేగం ఆగదు. చైత్రంలో జాతర రోజులకి ఆ పట్టీ చాలదు, తాళ్లు కట్టి మనుషులు నిలబడాల్సిందే. పైవంతెన అలాగే ఉంది. పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టడానికి అంతకంటే ఎత్తయిన చోటు ఊళ్లో లేదు.

మొన్న వేరే పని మీద అటు వెళ్లి ఆగాను. రోడ్డు కొత్తగా నల్లగా మెరుస్తోంది. తారు మళ్లీ వేశారు, మంచిదే. పట్టీకి ఇవతలా అవతలా నాలుగు సెంటీమీటర్ల మందాన కొత్త పొర పడింది, పట్టీ మీద పడలేదు. టేపు పెట్టి చూస్తే పది ఉండాల్సిన ఎత్తు ఆరే ఉంది. బండ్లు కుదుపు లేకుండా ఎక్కి దిగిపోతున్నాయి. అరుగు మీది ముసలామె నన్ను గుర్తుపట్టి, "మళ్లీ పరిగెడతన్నారు బాబూ" అంది. రోడ్డు ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఆ రాత్రే ఉత్తరం రాశాను, ఆరు సెంటీమీటర్లని అంకెలోనూ అక్షరాల్లోనూ. ఇంకా జవాబు రాలేదు.